ఇటలీ అవ్వకు రాయచోటి వీపు

నేను నర్సుని. పద్దెనిమిదేళ్ళుగా జనానికి సూదులు పొడుస్తున్నాను కాబట్టి మనుషుల మొహాలకంటే వెనక భాగాలే నాకు ఎక్కువ పరిచయం. అయినా ఒకరి వీపు గురించి పనిగట్టుకుని రాయవలసి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. ఆవిడ చేసిన సినిమా గురించి పేపర్లలో చాలా వచ్చింది. ఎండ అద్భుతంగా పడిందన్నారు, కొండలు బాగున్నాయన్నారు, గాడిద జీవించిందన్నారు. ఆవిడ గురించి ఒక్క ముక్క లేదు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటతోనే ఇది మొదలుపెట్టాను.

ఆవిడ పేరు తాజున్నీసా. ఊరు రాయచోటి, వయసు నలభై ఏడు. పదిహేనేళ్ళుగా మొగుడితో సౌదీలోని తాయిఫ్‌లో ఉంటోంది. మొగుడు అల్లాబకాష్ ఒక కంపెనీలో కోస్టర్ అనే చిన్న బస్సు నడుపుతాడు. కూతురు అఫ్షాన్ మదనపల్లెలో చదువుకుంటోంది. తాజున్నీసా ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని తాయిఫ్‌లో ఉన్న మన ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుడుతుంది. నాకు మూడు కుట్టింది, మూడూ బిగుతే. అదేమిటక్కా అంటే, "కొలతలు సరిగ్గానే ఉండాయి ఉజ్వల సిస్టరమ్మా, నువ్వే మాట తప్పినావు" అంటుంది.

ఆ దంపతులు నడిచే పద్ధతి ఒకటి చెప్పాలి. అల్లాబకాష్ ముందు నడుస్తాడు. చేతులు వెనక్కి కట్టుకుని, వేలికి తాళాల గుత్తి తగిలించుకుని, అది గలగలమంటుంటే ముందు అతను. నాలుగు గజాల వెనక ఆవిడ. పెళ్ళయిన మర్నాటి నుంచీ ఇంతే. వాళ్ళ నాయన అట్లాగే నడిచాడు, తాత అట్లాగే నడిచాడు, ఇతనూ నడుస్తున్నాడు. పోనీ బండిలోనైనా పక్కన కూర్చోబెట్టుకుంటాడా అంటే అదీ లేదు. అతను స్టీరింగ్ దగ్గర, ఆవిడ వెనక సీట్లో. ఏదైనా మాట్లాడాలంటే అద్దంలో ఆవిడ మొహం చూసి మాట్లాడతాడు. చెడ్డవాడేం కాదు. ఆవిడకి జ్వరమొస్తే వంట చేస్తాడు, జీతమొచ్చిన రోజు జిలేబీ తెస్తాడు. ఆ నడక మాత్రం అంతే.

రెండేళ్ళ క్రితం తాయిఫ్ పక్కన షఫా కొండల మీద ఒక ఇటలీ సినిమా తీశారు. దానిమ్మ తోటల మధ్య రాతి ఇళ్ళు కట్టారు, ఒక ఫౌంటెన్ పెట్టారు, రొట్టెలు కాల్చే పొయ్యి ఒకటి కట్టారు, దాన్ని ఇటలీ పల్లెటూరు అన్నారు. ఇటలీ కథని ఇటలీలోనే తీసుకోవచ్చు కదా అని నేను అడిగాను. "అక్కడ వాన పడుతోంది సిస్టర్" అన్నాడు ఇష్తియాక్. ఇతను లాహోర్ మనిషి. షూటింగ్‌కి మనుషుల్ని, బండ్లని, మేకల్ని, గాడిదని పోగుచేసే పని ఇతనిది. మా క్లినిక్ వాళ్ళు నన్ను ఆ షూటింగ్‌కి నర్సుగా పంపారు. నాకు సినిమావాళ్ళంటే పడదు. పగలంతా కూర్చోబెట్టి, సాయంత్రం అయిదింటికి అందరూ ఒక్కసారి పరిగెత్తుతారు. అల్లాబకాష్ బస్సుని కూడా ఆ షూటింగ్‌కే మాట్లాడారు.

నన్ను పెట్టుకున్నది సిల్వానా కోసం. ఆవిడ ఇటలీ నటి. డెబ్బై నాలుగేళ్ళు. హీరోయిన్ ఎప్పుడూ కాదు. పక్క వేషాలు. ఈ సినిమాలో ఆవిడ ఒక ముసలి విధవ. రొట్టెల బుట్ట పట్టుకుని కొండెక్కుతుంది, ఫౌంటెన్ దగ్గర నిలబడుతుంది, చివరికి ఎవరికీ చెప్పకుండా ఊరొదిలి నడిచి వెళ్ళిపోతుంది. మొత్తం మీద నాలుగు మాటలు మాట్లాడుతుంది, అందులో రెండు గాడిదతో.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆవిడ మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. మా డాక్టరు పరీక్ష చేసి కొండ ఎక్కనే కూడదని రాసిచ్చాడు. కాబట్టి మొహం కనిపించే షాట్లన్నీ ఆవిడతో, వెనక నుంచి నడిచే షాట్లన్నీ ఇంకొకరితో తీయాలి. ఇటలీ నుంచి రావలసిన మనిషి వీసా దగ్గర ఆగిపోయింది. ఇష్తియాక్ ఉన్నవాళ్ళతోనే కానిద్దామనుకుని మగవాళ్ళకి నల్లగౌన్లు తొడిగి నడిపించాడు. జనరేటర్ నడిపే బంగ్లాదేశ్ షఫీక్ గౌను పైకెత్తి పట్టుకుని లారీ ఎక్కుతున్నవాడిలా కొండెక్కాడు. డైరెక్టర్ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. రోమ్‌లో చదువుకొచ్చిన జెద్దా మనిషి ఆ డైరెక్టర్, చాలా నెమ్మదస్తుడు. ఆ రోజు ఆయన బీపీ కూడా చూడాల్సి వచ్చింది.

సరిగ్గా అప్పుడే తాజున్నీసా వచ్చింది. అల్లాబకాష్ టిఫిన్ క్యారియర్ ఇంట్లో మర్చిపోయాడు. కూరగాయల వ్యాను ఎవరిదో వస్తుంటే దాంట్లో ఎక్కి తెచ్చింది. మొగుడి చేతిలో పెట్టి, "పప్పు చల్లగైంది, తిను" అని వెనక్కి తిరిగి రోడ్డు మీదికి వాలు ఎక్కడం మొదలుపెట్టింది. అల్లాబకాష్ మూత తీసి పప్పు చూస్తున్నాడు. డైరెక్టర్ కళ్ళు తెరిచాడు. ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా, విశాలమైన వీపు, కాస్త ఎడమవైపు ఒరిగి, ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తున్నట్టు ఎక్కుతున్న మనిషి. ఆయన కుర్చీలోంచి లేచి అరబ్బీలో ఏదో కేకేశాడు. సిల్వానా కూడా అటు చూసి రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది.

"భాయ్, యే ఖాతూన్ కౌన్ హై?" అని అడిగాడు ఇష్తియాక్.

"మేరీ ఘర్‌వాలీ" అన్నాడు అల్లాబకాష్, నోట్లో ముద్దతో.

ఆ తర్వాత బేరం నడిచింది. అల్లాబకాష్ చెయ్యి కడుక్కుని వచ్చి గంభీరంగా నిలబడ్డాడు. తన భార్య సినిమాలో చేయాలంటే ఒకటే షరతు. మొహం కనిపించకూడదు. ఒక్క క్షణం కూడా కనిపించకూడదు. ఇష్తియాక్ ఈ మాట డైరెక్టర్‌కి చెప్పాడు. ఆయన వెంటనే అల్లాబకాష్ రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. మొహం వద్దని మొగుడు, మొహం వద్దని డైరెక్టర్. ప్రపంచ సినిమా చరిత్రలో ఇంత తేలిగ్గా కుదిరిన ఒప్పందం ఇంకోటి ఉండదు.

తాజున్నీసాని ఎవరూ అడగలేదు. నేనే అడిగాను, ఇష్టమేనా అక్కా అని.

"నడిచేదే కదా సిస్టరమ్మా. ఊరికే నడుస్తానే ఉండాం ఎప్పుడూ. ఈడ ఎవురో ఒకరు చూస్తారంట."

మర్నాటి నుంచి ఆవిడ ఇటలీ విధవ అయింది. పొడుగు నల్లగౌను, నల్ల తలగుడ్డ. "ఇది సగం బుర్ఖానే" అని తేల్చి, గౌను చంకల దగ్గర బిగువుగా ఉందని కుట్లు విప్పి తానే మళ్ళీ కుట్టుకుంది. కుట్టాక సినిమావాళ్ళ దర్జీని పిలిచి చూపించి, వాడికి పని రాదని రాయచోటి తెలుగులో చెప్పింది. నడక నేర్పించాలని సిల్వానా రెండు కర్రల సాయంతో నాలుగడుగులు వేసి చూపించింది. తాజున్నీసా తన మామూలు నడక తాను నడిచింది. సిల్వానా చప్పట్లు కొట్టింది. డైరెక్టర్ అందరినీ పిలిచి, నటన అంటే ఇదీ, ఆ ఎడమకాలు చూడండి, ఒక జీవితం ఉంది ఆ కాల్లో అన్నాడు.

అది నటన కాదని నాకు తెలిసిపోయింది. సాయంత్రం పక్కకి తీసుకెళ్ళి కాలు నొక్కి చూశాను. ఎప్పుడో చీలమండ విరిగి, వంకరగా అతుక్కుంది.

"ఇది ఎప్పుడైంది అక్కా?"

"ఈడికొచ్చిన మరుసటేడు. అఫ్షాన్ వాళ్ళ నాయన హజ్ డ్యూటీకి మక్కా పోయినాడు. హజ్ అంటే నలభై దినాలు ఇంటికి రారు కదా బస్సోళ్ళు. లిఫ్ట్ పని చెయ్యలే. నీళ్ళ క్యాను ఎత్తుకోని మూడో అంతస్తు ఎక్కతా పడితి. పక్కింటి మలబారీ ఆమె కట్టు కట్టింది. ఆయన వచ్చేసరికి లేచి తిరుగుతానే ఉంటి."

"మరి చెప్పలేదా?"

"మొదట చెప్పగూడదనుకుంటి, డ్యూటీ మానుకోని వస్తాడని. వచ్చినంక చూస్తాడులే అనుకుంటి. చూళ్ళే. నేనూ చెప్పలే." ఆవిడ నవ్వింది. "ఇప్పటికీ ఎదురు చూస్తానే ఉండా, ఎప్పుడు చూస్తాడో అని. అది మా ఇద్దరి నడుమ ఒక ఆట మాదిరి అయిపోయింది. ఆయనకి తెల్దు, ఆడతాండాడని."

ఎక్స్‌రేకి రమ్మన్నాను. అప్పుడు నటన పోతుంది కదా అంది.

నాలుగో రోజు సిల్వానాకి తలనొప్పి పట్టుకుంది. బీపీ నూట డెబ్బై. ఇంకోసారి చూసి అలాగే ఉంటే పై వాళ్ళకి రాయాలి, రాస్తే ఆవిడని ఇంటికి పంపించేస్తారు. నేను అరగంట ఆగుదామని బయటికొచ్చాను. ఈలోగా తాజున్నీసా కారవాన్‌లోకి వెళ్ళి సిల్వానాని చూసి, ఇది జబ్బు కాదు, దిష్టి అని తీర్మానించింది. క్యాటరింగ్ వాడి దగ్గర గుప్పెడు ఎండుమిరపకాయలు, కళ్ళుప్పు తెచ్చింది. సిల్వానా తల చుట్టూ మూడుసార్లు ఇటు, మూడుసార్లు అటు తిప్పి, కాఫీ కాచుకునే కరెంటు పొయ్యి మీద వేసింది.

మిరపకాయలు కాలినా ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా ఉన్నట్టు. ఇక్కడ వచ్చిన ఘాటుకి కారవాన్‌లో ఉన్న మేకప్ మనిషి కిటికీలోంచి దూకాడు. పొగకి కప్పు మీది అలారం మోగింది. అలారానికి మొత్తం యూనిట్ కొండ దిగి పరిగెత్తింది, గాడిద అన్నిటికంటే ముందు పరిగెత్తింది. ఇష్తియాక్ దగ్గుతూ, అల్లా పేరు చెప్పుకుంటూ మంటలార్పే డబ్బా పట్టుకుని లోపలికెళ్ళి మిరపకాయల్ని నురగతో కప్పేసి వచ్చాడు. తాజున్నీసా మాత్రం నిరాశపడిపోయింది.

"ఘాటొచ్చేసింది సిస్టరమ్మా. దిష్టి లేనట్టే. నీ మిషన్ చెప్పిందే నిజం."

పొగ పోయేదాకా మేం ముగ్గురం రాళ్ళ మీద కూర్చున్నాం. దిష్టి సంగతి సిల్వానాకి ఎవరూ వివరించక్కరలేకపోయింది. ఇటలీలో వాళ్ళ ఊళ్ళోనూ ఉందట, పళ్ళెంలో నీళ్ళు పోసి నూనె చుక్కలు వేసి చూస్తారట. తన ఫోన్‌లో మాట్లాడితే అది తెలుగులోకి మార్చి చెప్పేది. ఆ ఫోను తెలుగు ఎక్కడ నేర్చుకుందో గానీ పాత వీలునామాలు చదివినట్టు చదివేది.

"నేను యాభై రెండు చిత్రములందు నటించినాను. పందొమ్మిది పర్యాయములు మరణించినాను" అంది ఫోను.

"అయ్యో పాపం" అంది తాజున్నీసా, నిజంగా బాధపడి.

అలా సిల్వానా జీవితమంతా మాకు ఆ ఫోను చదివి వినిపించింది. పంతొమ్మిదో ఏట బావి దగ్గర కుండ పట్టుకుని నిలబడే పిల్లగా మొదలైంది. ముప్పై రెండో ఏట తనకంటే పెద్దవాడైన హీరోకి తల్లి వేషం వేసింది. నలభై రాకుండానే అవ్వ అయింది, ఇక అక్కడి నుంచి కదలనివ్వలేదు. అద్దె ఇంటి యజమానురాలు, సన్యాసిని, శవం, మళ్ళీ అవ్వ. టైటిల్స్‌లో పేరు ఎప్పుడూ చివర్న, ఒకసారి కుక్క పేరు తర్వాత. మొగుడు రెనాటో ట్రామ్ డ్రైవరు. ఆమె చేసిన ప్రతి సినిమాకీ దువ్విన మీసాలతో, ఉతికిన చొక్కాతో వచ్చి మొదటి వరసలో కూర్చునేవాడట. అయిపోయాక బయటికొచ్చి, సినిమా చాలా బాగుంది, ఇంతకీ నువ్వెప్పుడొచ్చావు అని అడిగేవాడట.

"ఒక్కసారి కూడా గుర్తుపట్టలేదా?" అని అడిగాను.

ఫోను కాసేపు ఆలోచించింది. "రెండు పర్యాయములు గుర్తించినాడు. అందొక పర్యాయము ఆమె వేరొక స్త్రీ."

సిల్వానా పడీపడీ నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది. రెనాటో పోయి ఆరేళ్ళయిందట. తాజున్నీసా ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఫోను దగ్గరికి వంగి, చెవిటివాళ్ళకి చెప్పినట్టు గట్టిగా చెప్పింది.

"మా ఆయన గుర్తుపడతాడు. డ్రైవరే ఆయన కూడా. కానీ కళ్ళుండాయి."

నేను మళ్ళీ బీపీ చూస్తే నూట నలభై. మిరపకాయల పుణ్యమో నవ్వు పుణ్యమో, నేను నూట నలభై అనే రాశాను.

చివరి షాట్ ఆఖరి రోజు సాయంత్రం తీశారు. ముసలమ్మ ఊరొదిలి, దానిమ్మ తోటల మధ్య దారంట అలా వెళ్ళిపోవాలి, వెనక్కి చూడకూడదు. తాజున్నీసా నడిచింది. నిమిషమున్నర సేపు. ఎవరూ దగ్గలేదు. అల్లాబకాష్ బస్సు కింద పడుకుని ఏదో బోల్టు బిగిస్తున్నాడు. సిల్వానా నా పక్కన నిలబడి కర్ర మీద వాలి చూసింది, తన వేషంలో తను అలా దూరంగా వెళ్ళిపోవడం. ఇటలీ వెళ్ళేముందు సిల్వానా తన నల్ల శాలువా తాజున్నీసా భుజాల మీద కప్పి ఫోన్‌తో ఏదో అంది. "మొహమునకు నలుబది ఏండ్లకే పని పోవును. వీపునకు ఎన్నటికినీ పోదు" అంది ఫోను. తాజున్నీసా ఆ శాలువాని ఇప్పటికీ బీరువాలో పెట్టుకుంది, నాఫ్తలీన్ ఉండలేసి.

సినిమా వచ్చేసరికి ఏడాదిన్నర పట్టింది. ఈలోగా ఆ వార్త రాయచోటి దాకా పాకింది. తాజున్నీసా ఇటలీ సినిమాలో చేసింది అని సగం మంది, చేసిందంట కానీ కనపడదంట అని సగం మంది. ఈ రెండో రకం వాళ్ళు అల్లాబకాష్‌ని బాగా ఏడిపించేవాళ్ళు. ఒక శుక్రవారం నమాజు తర్వాత జెద్దాలో, షరఫియా పేటలో మహబూబ్ బాషా దుకాణం ముందు ఆ దంపతులూ నేనూ కూర్చున్నాం. మహబూబ్ బాషాది కూడా రాయచోటే, అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు.

"ఏం బకాషన్నా, వదిన మొఖమే కనపడదంట కదా. ఇంగ ఆమేనని ఎట్లా నమ్మేది?" అన్నాడు.

అల్లాబకాష్‌కి రోషమొచ్చింది. "మొఖం ఏందికి? నేను ముప్పై ఏండ్ల డ్రైవర్‌ని. ముందర పోయే బండి ఎనక లైట్ చూసి ఏ కంపెనీదో, డ్రైవర్ ఎవుడో చెప్తా. ఇరవై ఆరేండ్లు సంసారం చేసినా, పెండ్లాం వీపు తెల్దా నాకు?"

"తెలుసా?" అంది తాజున్నీసా. ఆవిడ నా పక్కన కూర్చుని సమోసా తింటోంది. ఆ గొంతు నాకు మాత్రమే వేరేగా వినిపించింది.

"చీకట్లో చెప్పమన్నా చెప్తా."

"మూడుసార్లు వస్తా సినిమాలో. ఒక్కసారి పట్టుకో చాలు. పట్టుకోకపోతే?"

"నువ్వేం చెప్తే అది."

"అయితే ఆ పొద్దు నుంచి నేను ముందర నడుస్తా. నువ్వు నా ఎనక రావాల."

అక్కడున్న మగవాళ్ళందరూ టీ గ్లాసులు కింద పెట్టి మరీ నవ్వారు. అల్లాబకాష్ కూడా నవ్వి, సరే అన్నాడు. తాజున్నీసా సమోసా పూర్తి చేసింది. వాళ్ళందరికీ అది పందెం. ఆవిడ పద్నాలుగేళ్ళుగా ఎదురు చూస్తున్న సంగతి, ఇక ఆ రోజుతో తేలిపోతుంది.

తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం ఆటకి జెద్దాలో ఒక మాల్‌కి వెళ్ళాం. అల్లాబకాష్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అతని పక్కన తాజున్నీసా, ఆమె పక్కన నేను, చివర తీర్పు చెప్పడానికి మహబూబ్ బాషా. పాప్‌కార్న్ పెద్ద డబ్బా తీసుకున్నాం. నేను చెప్పడం గానీ సైగ చేయడం గానీ చేయకూడదని మహబూబ్ బాషా నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

పదో నిమిషంలో తాజున్నీసా వచ్చింది. రొట్టెల బుట్ట నెత్తిన పెట్టుకుని కొండెక్కుతోంది, ముందు మూట మోస్తున్న గాడిద. అల్లాబకాష్ ముందుకి వంగాడు. మేం పాప్‌కార్న్ నమలడం ఆపేశాం.

"ఆ మూట చూడు మహబూబూ, ఎట్లా ఒరిగిపోయిందో. లోడింగ్ తెలీని నా కొడుకులు. మలుపులో పడిపోతాది."

షాట్ అయిపోయింది. మలుపులో మూట పడలేదు. తాజున్నీసా కొంచెం పాప్‌కార్న్ నోట్లో వేసుకుంది.

తర్వాత సిల్వానా మొహం తెర నిండా వచ్చినప్పుడు, "ఇది నువ్వు కాదు" అని గట్టిగా చెప్పాడు. అది ఎవరైనా చెప్తారు.

ఫౌంటెన్ దగ్గర సీను వచ్చింది. అయిదుగురు ఆడవాళ్ళు అటు తిరిగి నీళ్ళు పడుతున్నారు. ఆడవాళ్ళు చాలక ఇష్తియాక్ ఇద్దరు మగవాళ్ళని కూడా నిలబెట్టాడని నాకు తెలుసు. అల్లాబకాష్ ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడు.

"అదిగో! నడుమ ఉండేది! అదే నా పెండ్లాం!"

హాలంతా మా వైపు తిరిగింది. వెనక నుంచి ఎవరో సౌదీ ఆయన కూర్చోమన్నాడు. అల్లాబకాష్ గెలిచినవాడిలా కూర్చున్నాడు.

"ఆయన షఫీక్. జనరేటర్ ఆయన" అంది తాజున్నీసా.

మహబూబ్ బాషా పాప్‌కార్న్ గొంతుకి అడ్డం పడి దగ్గాడు. నేను వీపు మీద చరిచాను. నాకూ నవ్వు ఆగలేదు, కానీ పక్కకి చూస్తే తాజున్నీసా నవ్వడం లేదు. ఇంక ఒక్కటే మిగిలింది.

చివరి షాట్ వచ్చింది. దానిమ్మ తోటలు, సాయంత్రపు ఎండ, ఖాళీ దారి. నల్లగౌను ముసలమ్మ వెళ్ళిపోతోంది. సంగీతం కూడా లేదు, కంకర మీద కాలు ఈడుస్తున్న చప్పుడొకటే. ఒక అడుగు, ఒక ఈడ్పు. ఒక అడుగు, ఒక ఈడ్పు. నేను అల్లాబకాష్ వైపు చూశాను. అతని కళ్ళు తెర మీదే ఉన్నాయి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. గుర్తుపట్టాడనుకున్నాను, దేవుడి మీద ఒట్టు.

జేబులోంచి రుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆ కాలు చూడు తాజూ" అన్నాడు. "ఎంత కష్టపడి నడుస్తాండాదో పాపం. ఆ యమ్మకి మొగుడు లేడా? ఎవురూ చూసేవాళ్ళు లేరా ఆ యమ్మని?"

తాజున్నీసా తెర వైపే చూస్తూ, "ఏమో" అంది.

నాకు ఒట్టు గిట్టు పక్కన పెట్టి వాడి నెత్తి మీద డబ్బా బోర్లించాలనిపించింది. పెద్దవాడు, వాడు అనకూడదు గానీ అప్పుడు అలాగే అనుకున్నాను. టైటిల్స్ మొదలయ్యాయి. అల్లాబకాష్ నంబర్ ప్లేట్లు చదివే అలవాటు ఉన్నవాడు కాబట్టి కిందికంటా ఓపిగ్గా చదివాడు. గాడిద పేరు వచ్చింది. తర్వాత సిల్వానా పేరు వచ్చింది. ఇంకా మూడు వరసల కింద, చిన్న అక్షరాల్లో తాజున్నీసా పేరు వచ్చింది.

"పేరుండాది!" అన్నాడు సంబరంగా. తర్వాత అయోమయంగా మా అందరి వైపు చూశాడు. "పేరుండాదే. మరి మనిషేది?"

తాజున్నీసా లేచింది. ఒడిలోని పాప్‌కార్న్ దులుపుకుంది. మమ్మల్ని దాటుకుని, మెట్లు దిగి, తలుపు తోసుకుని బయటికి నడిచింది. అల్లాబకాష్ అలవాటుగా ముందుకెళ్ళబోతే మహబూబ్ బాషా చొక్కా పట్టి లాగాడు. "పందెం అన్నా. ఎనక."

ఆ మాల్ వరండా చాలా పొడుగు. పార్కింగ్ అటు చివర ఉంది. నేల అద్దంలా ఉంది, రెండు వైపులా దుకాణాలు, లైట్లు. తాజున్నీసా ముందు నడుస్తోంది. నాలుగు గజాల వెనక అల్లాబకాష్. వెనక నడవడం చేతకాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, తాళాల గుత్తి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటున్నాడు. మొదట నవ్వుతూనే ఉన్నాడు, మహబూబ్ బాషాని చూసి కన్ను కూడా కొట్టాడు. తర్వాత చూడ్డానికి వేరే ఏమీ లేక ముందుకి చూశాడు.

నున్నటి నేల మీద చెప్పు చప్పుడు బాగా వినిపిస్తోంది. ఒక అడుగు, ఒక ఈడ్పు. ఒక అడుగు, ఒక ఈడ్పు.

అల్లాబకాష్ టక్కున ఆగిపోయాడు. నేను వెళ్ళి అతనికి గుద్దుకున్నాను. తాళాల గుత్తి కింద పడింది, తీసుకోలేదు.

"తాజూ."

ఆవిడ ఆగింది. వెనక్కి తిరగలేదు.

"ఆ కాలు... ఎప్పటినుంచి?"

"నువ్వు మొదటిసారి హజ్ డ్యూటీకి పోయిన ఏడు."

అతను వేళ్ళ మీద లెక్కపెట్టాడు. ఒక చెయ్యి అయిపోయింది, రెండో చెయ్యి అయిపోయింది, మళ్ళీ మొదటి చేతికి వచ్చాడు. అక్కడ ఆపేశాడు. పక్కన ఒక పూలకుండీ అంచు ఉంటే దాని మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని, యాభై దాటిన మనిషి, వచ్చేపోయే జనం చూస్తున్నారన్న ధ్యాసైనా లేకుండా ఏడ్చాడు. మహబూబ్ బాషా దుకాణం అద్దంలో బూట్లు చూడటం మొదలుపెట్టాడు. నాకూ కళ్ళలో నీళ్ళొచ్చాయి, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

తాజున్నీసా తిరిగి వచ్చింది. వంగి తాళాల గుత్తి తీసి అతని ఒళ్ళో పెట్టింది. తన తలగుడ్డ అంచుతో అతని మొహం తుడిచింది.

"ఊరుకో. ఇప్పుడు మళ్ళా ఏందికి?" అంది. "లోపలే ఏడ్చేస్తివి కదా నా కోసం."

తర్వాత లేచి మళ్ళీ ముందు నడిచింది. అల్లాబకాష్ ముక్కు చీదుకుంటూ, ఎక్స్‌రే ఎన్ని గంటలకి తీస్తారని నన్నడిగి, ఆవిడ వెనకే వెళ్ళాడు. పార్కింగ్ దాకా బస్సు రివర్సు చేయించేవాడిలా చేతులు చాపి, "నిదానం, నిదానం" అంటూనే ఉన్నాడు. ఆవిడ పద్నాలుగేళ్ళుగా నిదానంగానే నడుస్తోందని నేను అతనికి చెప్పలేదు.